పెళ్లిచూపులకన్నా ముందు చెప్పవలసిన పాఠం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యా మండలుల కార్యదర్శులకు,

నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మీరు నిర్ణయించిన పాఠ్యప్రణాళికలో రెండో సంవత్సరం బైపీసీ వాళ్లకు జన్యుశాస్త్రం ఉంది. మెండెల్ సూత్రాలు, రక్తవర్గాలు, హీమోఫీలియా, వర్ణాంధత్వం, సికిల్ సెల్ రక్తహీనత, డౌన్ సిండ్రోమ్ అన్నీ అందులోనే వస్తాయి. పిల్లలు కష్టపడి చదువుతారు. గళ్లు గీసి, సంకరణం చూపించి, నిష్పత్తులు రాసి మార్కులు తెచ్చుకుంటారు. కానీ గంట కొట్టాక, మిగతావాళ్లంతా వెళ్లేదాకా ఆగి, ఎవరో ఒకమ్మాయి దగ్గరకొచ్చి అడిగే ప్రశ్న మాత్రం ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండదు. "మేడం, నన్ను మా మేనత్త కొడుక్కి ఇస్తామంటున్నారు. పుట్టే పిల్లలకి ఏమన్నా అవుతుందా?" ఇంకో అమ్మాయి వచ్చి, "మా అక్క కొడుక్కి నెలనెలా రక్తం ఎక్కిస్తున్నారు మేడం. నాక్కూడా అలాగే పుడతారా?" అంటుంది.

ఇలాంటి ప్రశ్నలకు ఓపిగ్గా, ఆ కుటుంబం వివరాలన్నీ అడిగి తెలుసుకుని, లెక్క కట్టి జవాబు చెప్పే వైద్యసేవ ఒకటుంది. దాన్నే జెనెటిక్ కౌన్సెలింగ్ అంటారు. అలాంటిదొకటి ఉందని మన ఆడపిల్లలకు చెప్పే చోటు మాత్రం ఎక్కడా లేదు. అందుకే మీకీ లేఖ. ఇంటర్ చదివే ప్రతి అమ్మాయికీ, ఆమెది ఏ గ్రూపైనా సరే, ఇంట్లో పెళ్లి మాట మొదలయ్యేలోగా ఈ సంగతి తెలియాలి. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక తెలిసిన ఇదే సంగతి ఆమె మీద నేరంగా మారుతుంది. ముందు తెలిస్తే ఆమె చేతిలో ఉంటుంది.

డిగ్రీలో చెప్పుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం. డిగ్రీ గుమ్మం తొక్కకుండా ఆగిపోయే పిల్లలు ఎందరో మీకు నాకంటే బాగా తెలుసు. ఇంటర్ రెండేళ్లే మనకు మిగిలిన అవకాశం. అప్పుడు కూడా జన్యుశాస్త్రం బైపీసీ వాళ్లకే. ఎంపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ, ఒకేషనల్ పిల్లలకు పదో తరగతి సైన్సులో చదివిన బఠాణీ మొక్కలే చివరి మాట. వీళ్లలో సీఈసీ, హెచ్‌ఈసీ, ఒకేషనల్ అమ్మాయిలకు పెళ్లి త్వరగా అవుతుందని చెప్పడానికి నాకు సర్వే అక్కర్లేదు. హాజరు పట్టీ చాలు.

ముందుగా మేనరికం గురించి చెబుతాను, ఎందుకంటే అమ్మాయిలు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం అక్కడివే. అదే సర్వే ప్రకారం దగ్గరి చుట్టరికంలో పెళ్లయిన స్త్రీలు దేశం మొత్తం మీద సుమారు 11 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 26 శాతం, తెలంగాణలో 18 శాతం దాకా ఉన్నారు. మేనరికాన్ని తిట్టిపోయడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు. భూమి చేతులు మారదు, కట్నం బెడద కాస్త తగ్గుతుంది, అత్తగారు చిన్నప్పటినుంచి ఎరిగిన మేనత్తే అవుతుంది. ఆడపిల్లను కన్న తల్లికి అది నిజమైన ధైర్యం. దాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట ఇలాంటి పెళ్లిని ఒప్పుకుంటుంది.

అయితే మన పెద్దలు గోత్రం చూస్తారు, ఇంటిపేరు చూస్తారు. ఈ రెండూ తండ్రి వైపు నుంచే వస్తాయి. మేనమామ కూతురి గోత్రం వేరే కాబట్టి పొంతన కుదిరింది అనుకుంటారు. జన్యువులకు గోత్రంతో పని లేదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనమామకే పిల్లనిస్తే అది నాలుగో వంతు. ప్రతి జన్యువూ మనకు ఒకే పుస్తకం రెండు ప్రతులు ఉన్నట్టు ఉంటుంది, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక ప్రతిలో అచ్చుతప్పు ఉన్నా రెండోది సరిగ్గా ఉంటే చాలావరకు పని నడిచిపోతుంది. ఆ మనిషికి తనలో తప్పు ఉన్నట్టే తెలియదు. అలాంటి అచ్చుతప్పులు కొన్ని మనందరిలోనూ ఉంటాయి, మీలోనూ నాలోనూ. ఒకే తాత నుంచి వచ్చిన ఒకే తప్పు భార్యలోనూ భర్తలోనూ ఉంటే, బిడ్డకు రెండు ప్రతులూ చెడిపోయినవే అందే అవకాశం ఉంది. చుట్టరికపు పెళ్లిలో ఉన్న చిక్కు ఇంతే.

ఈ చిక్కు ఎంత పెద్దదో కూడా పిల్లలకు నిజాయితీగా చెప్పాలి. సాధారణంగా నూరుమంది పిల్లలు పుడితే ఇద్దరికో ముగ్గురికో పుట్టుకతో ఏదో ఒక తీవ్రమైన లోపం ఉంటుంది. బావామరదళ్ల పెళ్లిలో అది సుమారు నలుగురి నుంచి ఆరుగురి దాకా పెరుగుతుంది. మేనమామతో పెళ్లయితే ఇంకాస్త ఎక్కువ. అంటే బావను చేసుకున్నవాళ్లకు కూడా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. "మేనరికం చేసుకుంటే అవిటి పిల్లలే పుడతారు" అని భయపెట్టడం ఎంత తప్పో, "మా అమ్మానాన్నలది మేనరికమే, మాకేమైంది" అని తోసిపారేయడమూ అంతే తప్పు. కానీ ఆ కుటుంబంలో ఇప్పటికే పుట్టు చెవుడో, చిన్నప్పుడే పోయిన పసిపిల్లలో, తరతరానికి కనబడే ఏదైనా జబ్బో ఉంటే ఈ సగటు లెక్కలు పనికిరావు. అక్కడ ఆ కుటుంబానికంటూ విడిగా లెక్క కట్టాలి. కౌన్సెలర్ చేసే పని సరిగ్గా అదే.

చుట్టరికం లేదు కాబట్టి మాకు భయం లేదు అనేవాళ్లకూ ఒక మాట. మన దేశంలో కులం లోపలే పెళ్లి చేసుకోవడం ఎన్నో వందల ఏళ్లుగా సాగుతోంది. మొదట కొద్దిమందితో మొదలై, బయటివాళ్లతో కలవకుండా పెరిగిన సమూహంలో చుట్టరికం తెలియకపోయినా జన్యువుల దగ్గరితనం మిగిలే ఉంటుంది. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన అధ్యయనంలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు చాలా ఉన్నాయని అందులో చూపించారు. అందులో చెప్పిన ఒక ఉదాహరణ మన ప్రాంతానిదే. మత్తుమందు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందు కొందరి ఒంట్లో త్వరగా విరగదు, ఊపిరి తిరిగి రావడం ఆలస్యమవుతుంది. ఈ లక్షణం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మత్తు డాక్టర్లకు ఈ సంగతి తెలుసు, ఆపరేషన్‌కు ముందు అడిగి తెలుసుకుంటారు, వేరే మందు ఇస్తారు. ఎవరి పరువూ పోలేదు, ప్రాణాలు నిలుస్తున్నాయి. జన్యువుల గురించి మాట్లాడటం అంటే కులాన్ని కించపరచడం కాదని చెప్పడానికి పిల్లలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక థలసీమియా. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని ముందుగా పట్టుకోవడం చాలా తేలిక, అయినా మన కళ్లముందే వదిలేస్తున్నాం. తల్లిదండ్రులిద్దరూ బీటా థలసీమియా క్యారియర్లైతే, అంటే ఇద్దరిలోనూ ఒక ప్రతిలో ఆ తప్పు ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకు పూర్తి జబ్బు వచ్చేందుకు, సగం అవకాశం బిడ్డ కూడా క్యారియర్ అయ్యేందుకు, మిగిలిన నాలుగో వంతు ఏమీ లేకుండా పుట్టేందుకు. "మొదటివాడికి వచ్చేసింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటినుంచే. జబ్బున్న బిడ్డ పుట్టినప్పుడు ముద్దుగానే ఉంటుంది. ఆరు నెలలు దాటి రెండేళ్లు నిండేలోపు పాలిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. అప్పటినుంచి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మందు వేయాలి. ఎముక మజ్జ మార్పిడితో నయం చేయవచ్చు, కానీ సరిపడే దాత దొరకాలి, ఆ ఖర్చు భరించే శక్తి ఉండాలి. ఇలాంటి పిల్లల కోసమే 1998లో హైదరాబాద్‌లో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పుట్టింది. వేసవిలో రక్తనిధుల్లో రక్తం తగ్గిపోయినప్పుడు ఆ తల్లిదండ్రులు దాతల కోసం తిరిగే తిరుగుడు చూసినవాళ్లకే తెలుసు.

దేశంలో బీటా థలసీమియా క్యారియర్లు నూటికి సుమారు ముగ్గురు నలుగురు ఉంటారని అంచనా. ఆ సగటునే తీసుకున్నా అయిదు వందల మంది చదివే మా కాలేజీలాంటి చోట పదిహేను ఇరవై మంది ఉండవచ్చు. వాళ్లకు ఏ జబ్బూ లేదు. కొంచెం రక్తం తక్కువగా కనిపిస్తారు, అంతే. ఇక్కడే అసలు విషయం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అందుకే కాలేజీలకు ఆరోగ్య సిబ్బంది వస్తారు, వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు, ఐరన్ మాత్రలు ఇస్తారు. మంచి పని. చాలామందికి మాత్రలతో రక్తం పడుతుంది. నెలల తరబడి మింగినా పడనివాళ్లు కొందరు మిగులుతారు. వాళ్లను "తిండి సరిగ్గా తినడం లేదు, మాత్రలు పారేస్తున్నావు" అని కోప్పడతాం. ఆ పిల్లల్లో కొందరు థలసీమియా క్యారియర్లు కావచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. మామూలు రక్తపరీక్ష రిపోర్టులోనే ఎర్రరక్తకణాల పరిమాణం తెలిపే ఎంసీవీ అనే అంకె ఉంటుంది. అది ఎనభైకంటే తక్కువగా ఉండి, ఐరన్ తీసుకున్నా పెరగకపోతే, హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో హిమోగ్లోబిన్ ఎ2 ఎంతుందో చూడాలి. అది మూడున్నర శాతం దాటితే క్యారియర్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఐరన్ లోపం బాగా ఉన్నప్పుడు ఈ ఎ2 తక్కువగా కనబడి మోసం చేయవచ్చు, అందుకే ముందు ఐరన్ లోపం సరిచేసి మళ్లీ చూడమంటారు. ప్రైవేటు ల్యాబులో ఈ పరీక్షకు వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. పెళ్లి కార్డుల అచ్చుకు అంతకంటే ఎక్కువే పెడతాం. ఇవన్నీ పిల్లలకు కంఠతా రానక్కర్లేదు. "మాత్రలు వేసుకున్నా రక్తం పడకపోతే ఎ2 పరీక్ష అడుగు" అన్న ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

పాడేరు, అరకు, సీతంపేట, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు వైపు పనిచేసే నా తోటి అధ్యాపకులకు సికిల్ సెల్ గురించి నేను చెప్పక్కర్లేదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్షలు చేస్తున్నారు. మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. ఫలితం రాసిన కార్డులు ఇస్తున్నారు. కార్డు చేతికి వచ్చిన గిరిజన బాలికకు, దాని అర్థం ఏమిటో, క్యారియర్‌కూ రోగికీ తేడా ఏమిటో, ఆ కార్డు ఎవరికి చూపించాలో ఎవరికి చూపించనక్కర్లేదో చెప్పే మనిషి కూడా కావాలి. ఆశ్రమ కళాశాలలో, గురుకులంలో ఆమెకు రోజూ కనబడేది అధ్యాపకురాలే. ఆ అధ్యాపకురాలికి ఈ విషయం ఎవరు నేర్పారు?

ఈ చదువు ఆడపిల్లలకే ముందు ఎందుకు అని ఒక సహోద్యోగి నన్ను అడిగారు. బిడ్డ ఎలా పుట్టినా మాట పడేది ఆమే కాబట్టి. "ఆమె కడుపున పుట్టినవాళ్లు నిలవరు" అన్న మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. థలసీమియా, సికిల్ సెల్ లాంటి జబ్బుల్లో తప్పు జన్యువు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి రావాలి. ఇద్దరి పాలూ సమానం. అయినా భర్తకు రెండో పెళ్లి చేయాలన్న మాట వస్తుంది, ఆమెను పుట్టింటికి పంపేస్తారు. ఆ రెండో భార్య కూడా క్యారియరే అయితే? ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు. హీమోఫీలియా, డుషెన్ కండర క్షీణత వంటివి మాత్రం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తాయి. తల్లి క్యారియర్ అయితే కొడుకుల్లో ప్రతి ఒక్కరికీ సగం అవకాశం జబ్బు వచ్చేందుకు, కూతుళ్లలో ప్రతి ఒక్కరికీ సగం అవకాశం తల్లిలాగే క్యారియర్ అయ్యేందుకు. డుషెన్ ఉన్న పిల్లల తల్లుల్లో అందరూ క్యారియర్లు కారు, సుమారు మూడో వంతు కేసుల్లో ఆ మార్పు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. నిజంగా క్యారియర్ అయిన తల్లికి మాత్రం తన గుండె కూడా చూపించుకోవలసిన అవసరం ఉంది. కొడుకు వైద్యంలో తన ఒంటి సంగతి మరిచిపోయిన తల్లులకు ఇది ఎవరైనా చెప్పాలి. ఇక్కడ మేనరికపు కోణం కూడా ఒకటుంది. హీమోఫీలియాతో, దెబ్బ తగిలితే రక్తం ఆగని మేనమామకు అక్క కూతుర్ని ఇస్తే, ఆ అమ్మాయి క్యారియర్ అయితే, మామూలుగా మగపిల్లలకే వచ్చే ఆ జబ్బు వాళ్ల ఆడపిల్లలకు కూడా రావచ్చు.

కౌన్సెలర్ దగ్గర ఏం జరుగుతుందో తెలియక చాలామంది భయపడతారు. సూదులు, పెద్ద పెద్ద యంత్రాలు, వేలకు వేల బిల్లు అనుకుంటారు. మొదట జరిగేది మాటలే. కాగితం తీసుకుని మూడు తరాల వంశవృక్షం గీస్తారు. ఆడవాళ్లకు సున్న, మగవాళ్లకు చదరం, జబ్బున్నవాళ్లకు నలుపు నింపుతారు. భార్యాభర్తలను ఒక గీత కలుపుతుంది. వాళ్లు ఒకరికొకరు చుట్టాలైతే రెండు గీతలు గీస్తారు. ఎవరికి గర్భస్రావాలయ్యాయి, ఏ పసిబిడ్డ ఎన్ని నెలలకు పోయింది, ఎవరికి చిన్నప్పటినుంచి చెవుడు, ఎవరు నడక మరిచిపోయారు అని అడుగుతారు. ఇంట్లో ఎన్నో ఏళ్లుగా గుసగుసలుగా ఉన్న సంగతులు ఆ కాగితం మీదకు వస్తాయి. ఆ తర్వాతే అవసరమైతే పరీక్ష. ఫలితం ఏదైనా సరే, మంచి కౌన్సెలర్ "చేసుకో" అనరు, "వద్దు" అనరు. ఉన్న దారులన్నీ చూపిస్తారు. ఇద్దరూ క్యారియర్లైనా పెళ్లి చేసుకోవచ్చు. గర్భం దాల్చాక పది నుంచి పదమూడు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షతోనో, పదిహేను వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్షతోనో బిడ్డకు జబ్బు ఉందో లేదో తెలుసుకోవచ్చు. ఆ పైన ఏం చేయాలన్నది భార్యాభర్తలిద్దరి నిర్ణయం, చట్టం దానికి హద్దులు పెట్టింది. దత్తత తీసుకోవచ్చు. బిడ్డ ఎలా పుట్టినా పెంచుకుంటాం అనుకోవచ్చు, అదీ గౌరవించవలసిన మాటే. 2016 వికలాంగుల హక్కుల చట్టం థలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ మూడింటినీ తన జాబితాలో చేర్చింది, ఆ బిడ్డలకు హక్కులున్నాయి. ఇన్ని దారులు ఉన్నాయని పెళ్లికి ముందు తెలిసిన అమ్మాయికీ, మూడో నెలలో ఆస్పత్రి వరండాలో ఒక్కసారిగా విన్న అమ్మాయికీ ఎంత తేడా!

ఇదే గర్భస్థ పరీక్షతో ఆడపిల్లో మగపిల్లాడో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆ మాట కూడా అదే పాఠంలో, అదే గొంతుతో చెప్పాలి.

నాకు చాలా భయం ఉన్న విషయం ఒకటుంది, అది దాచను. ఈ జ్ఞానం అమ్మాయి చేతికి కాకుండా పెళ్లిళ్ల బేరగాళ్ల చేతికి చిక్కితే, కుజదోషం పక్కన ఇంకో దోషం చేరుతుంది. "పిల్ల రిపోర్టు చూపించండి" అంటారు. పిల్లవాడి రిపోర్టు ఎవరూ అడగరు. ఒకప్పుడు గ్రీసులోని ఒర్కోమెనోస్ అనే ఊళ్లో సికిల్ సెల్ కోసం ఊరంతటికీ పరీక్షలు చేశారు. క్యారియర్లు ఒకరినొకరు చేసుకోకుండా ఉంటే చాలనుకున్నారు. జరిగింది వేరు. క్యారియర్లను ఎవరూ చేసుకోవడానికి ఇష్టపడలేదు, కొందరు ఫలితం దాచిపెట్టి పెళ్లి చేసుకున్నారు. సైప్రస్‌లో దారి వేరు. అక్కడ ప్రతి ఏడుగురిలో ఒకరు థలసీమియా క్యారియర్. ముందు బడుల్లో, ఊళ్లల్లో బాగా చెప్పారు. తర్వాత చర్చి పెళ్లి చేయడానికి ఒక ధ్రువపత్రం అడగడం మొదలుపెట్టింది. ఆ పత్రంలో ఉండేది పరీక్ష జరిగింది, సలహా అందింది అన్న మాటే. ఫలితం ఆ జంటకు మాత్రమే తెలుస్తుంది. ఇద్దరూ క్యారియర్లైన జంటల్లో చాలామంది పెళ్లి మానుకోలేదు, గర్భస్థ పరీక్ష చేయించుకుంటూ పిల్లల్ని కన్నారు. జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మన రాష్ట్రాల్లో పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి చేయాలని అప్పుడప్పుడు వినబడుతుంది. నా అభిప్రాయం చెబుతాను. చదువు ముందు వెళ్లకుండా చట్టం ముందు వస్తే మనకు దక్కేది ఒర్కోమెనోస్.

అందుకే మగపిల్లలకూ ఇదే పాఠం, ఇదే గంట. నిజానికి లెక్క ప్రకారం అబ్బాయి పరీక్ష చేయించుకుంటే చాలా సందర్భాల్లో అక్కడితో భయం తీరిపోతుంది. అతను థలసీమియా క్యారియర్ కాకపోతే, ఆమె క్యారియర్ అయినా పిల్లలకు ఆ పూర్తి జబ్బు రాదు. ఈ ఒక్క మాట కో-ఎడ్ క్లాసులో అబ్బాయిలు కూర్చుని ఉండగా చెప్పి చూడండి. ఆడపిల్లల ముఖాల్లో తేడా కనిపిస్తుంది.

ఈ పాఠంతో పాటే చెప్పవలసినవి రెండు చిన్న విషయాలున్నాయి. బిడ్డ వెన్నెముక, మెదడు రూపుదిద్దుకునే నాళం గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భం అనే తెలియదు. అందుకే గర్భం దాల్చడానికి కనీసం నెల ముందునుంచే రోజూ నాలుగు వందల మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. రుబెల్లా టీకా పడకపోయి ఉంటే గర్భానికి కనీసం నెల ముందే వేయించుకోవాలి. ఇవి జన్యువుల సంగతి కాకపోయినా, పెళ్లికి ముందు తెలియవలసినవే.

ఎక్కడికి వెళ్లాలి అన్నది తర్వాతి ప్రశ్న. హైదరాబాద్‌లో నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2019లో మొదలుపెట్టిన ఉమ్మీద్ పథకం కింద అక్కడ నిదాన్ కేంద్రం కూడా ఏర్పాటైంది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు నిర్ధారణ పరీక్షలు చేస్తుంది. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జన్యు వ్యాధుల ఆస్పత్రి ఉంది. ఇవన్నీ హైదరాబాద్‌లోనే. శ్రీకాకుళం నుంచి, మదనపల్లె నుంచి, ఆసిఫాబాద్ నుంచి ఒక పేద అమ్మాయి అక్కడికి ఎలా వస్తుంది? ఇది వైద్య ఆరోగ్య శాఖలు తేల్చవలసిన సంగతి. మీరు వాళ్లతో మాట్లాడి ప్రతి జిల్లాకేంద్రంలో కనీసం ఒక డాక్టరుకో, ఒక నర్సుకో వంశవృక్షం గీయడం, ఎవరిని హైదరాబాద్ పంపాలో గుర్తించడం నేర్పించమని అడగవచ్చు. పిల్లలకు చెప్పి, పంపే దారి చూపకపోతే భయం మాత్రం మిగులుతుంది.

మీ నుంచి నేను కోరేది కొత్త సబ్జెక్టు కాదు, పరీక్ష కాదు, మార్కులు కాదు. అన్ని గ్రూపుల వాళ్లకూ ఏడాదికి రెండు గంటలు, ప్రభుత్వ, ప్రైవేటు, గురుకుల, కస్తూర్బా కళాశాలలన్నిటిలో. పాఠం తెలుగులో, ఉర్దూలో, గిరిజన ప్రాంతాల్లో ఆ పిల్లల భాషలు తెలిసిన అధ్యాపకులతో. పరీక్ష పెడితే ఈ సంగతి మళ్లీ నాలుగు మార్కుల ప్రశ్నగా మారి నోట్సులో పడిపోతుంది, గైడులో అచ్చవుతుంది, మర్చిపోతారు. రెండో కోరిక, కాలేజీకి రక్తహీనత శిబిరం వచ్చినప్పుడు, మాత్రలతో మెరుగుపడని పిల్లలను ఎ2 పరీక్షకు పంపే ఏర్పాటు. ఫలితం ఆ అమ్మాయికే చెప్పాలి, నోటీసు బోర్డు మీద కాదు, క్లాసులో కాదు, ఆమె ఒప్పుకోకుండా ఇంటివాళ్లకు కూడా కాదు. మూడోది, జంతుశాస్త్ర, హోంసైన్స్ అధ్యాపకులకు రెండు రోజుల శిక్షణ, నిమ్స్, సీడీఎఫ్‌డీ నిపుణులతో. మా దగ్గర ఓపిక ఉంది, పిల్లల నమ్మకం ఉంది, సరైన జవాబులు లేవు.

గంటలు ఎప్పుడు పెట్టాలన్నది చిన్న విషయం అనిపించవచ్చు, కాదు. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలలో అయిపోతాయి. ఆ వెంటనే వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు. ఆ పెళ్లిళ్లలో చాలావాటికి మాటలు నడిచేది సంక్రాంతి సెలవుల్లో, మేనత్తలూ మేనమామలూ ఒకే ఇంట్లో చేరినప్పుడు. కాబట్టి ఈ పాఠాన్ని ఏడాది చివరికి నెట్టకండి. దసరా సెలవులు ముగిసి కాలేజీలు తెరిచిన వారంలోనే మొదటి గంట పెట్టండి. అప్పుడు అమ్మాయి ఇంటికెళ్లి అమ్మతో మాట్లాడటానికి, బావ చేత కూడా రక్తపరీక్ష చేయించమని అడగటానికి, ఫలితం రావటానికి మూడు నెలలు దొరుకుతాయి.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు